మిడ్‌వే, కెంటకీ: గుర్రాల సీమకు వెళ్లేముందు

అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో రేసుగుర్రాల పెంపకానికి పేరున్న మిడ్‌వే చూడాలనుకునేవాళ్లు ముందు తేల్చుకోవాల్సింది ఏ నెలలో వెళ్లాలన్నది. హోటలు, కారు, భోజనం అన్నీ ఆ తర్వాతే. వ్యవసాయానికి కార్తెలున్నట్టే ఇక్కడ గుర్రాల పనికీ ఉన్నాయి. జనవరి నుంచి మే దాకా ఈతలు, అంటే గుర్రాలు ఈనే కాలం. ఫిబ్రవరి మధ్య నుంచి జులై మొదలు దాకా దాటింపులు, అంటే ఆడగుర్రాల్ని మగగుర్రాలతో కలపడం. ఎండాకాలం చివర, శరదృతువులో గుర్రప్పిల్లల్ని తల్లుల నుంచి వేరుచేస్తారు. సెప్టెంబరులో ఏడాది పిల్లల వేలం, నవంబరులో చూడి గుర్రాల వేలం. గంతులేసే పిల్లల్ని చూద్దామని జులై సెలవులకి మిట్టమధ్యాహ్నం వెళ్తే ఖాళీ మైదానాలు కనిపిస్తాయి. ఎండకీ ఈగలకీ చాలా ఫారాల్లో గుర్రాల్ని పగలంతా లోపల కట్టేసి రాత్రిళ్లు బయటికి వదులుతారు. నన్నడిగితే ఏప్రిల్ రెండో వారం నుంచి మే మధ్య దాకా మంచి కాలం. పిల్లలు నెలా రెండు నెలల వయసులో ఉంటాయి, గడ్డి లేతగా ఉంటుంది, ఏప్రిల్‌లో పక్కనే కీన్‌లాండ్ రేసుకోర్సులో రేసులుంటాయి. మే మొదటి శనివారం మాత్రం వద్దు. ఆరోజు లూయీవిల్‌లో కెంటకీ డెర్బీ అనే పెద్ద గుర్రప్పందెం. ఆ రెండు మూడు రోజులూ లెక్సింగ్టన్ దాకా గదుల అద్దెలు మండిపోతాయి.

ఊరు వుడ్‌ఫర్డ్ కౌంటీలో ఉంది, జనాభా రెండు వేల లోపే. లెక్సింగ్టన్‌కీ రాష్ట్ర రాజధాని ఫ్రాంక్‌ఫర్ట్‌కీ నడుమ 1830లలో రైలు కంపెనీ స్థలం కొని వేసిన ఊరిది. కెంటకీలో రైలు కంపెనీ కట్టిన మొదటి ఊరు ఇదే. పట్టాలు ఇప్పటికీ నడివీధిలోనే ఉన్నాయి. అటూ ఇటూ ఇటుక దుకాణాలు, మధ్యలోంచి గూడ్సు బండి. లూయీవిల్ నుంచి ఇంటర్‌స్టేట్ 64 మీద గంట, సిన్సినాటి నుంచి గంటన్నర. విమానంలో వచ్చేవాళ్లకి లెక్సింగ్టన్‌లోని బ్లూగ్రాస్ ఎయిర్‌పోర్టు కీన్‌లాండ్ గేటుకి ఎదురుగానే ఉంటుంది. కారు లేకుండా ఈ యాత్ర కుదరదు. ఫారానికీ ఫారానికీ మధ్య బస్సు లేదు, క్యాబు దొరికినా తిరుగు ప్రయాణానికి రాదు.

ఫారం గేటు దగ్గర కారాపి "లోపల చూడొచ్చా?" అని అడిగితే పని జరగదు. ఇవి కోట్ల రూపాయల జంతువులుండే పనిచోట్లు. హార్స్ కంట్రీ అనే లాభాపేక్ష లేని సంస్థ చాలా ఫారాల టూర్లు ఒకేచోట బుక్ చేస్తుంది. వారాంతం కావాలంటే నాలుగైదు వారాల ముందే చూసుకోండి. బుక్ చేసేటప్పుడు అది ఏ రకం ఫారమో తప్పక చూడాలి, ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే. విత్తనపు మగగుర్రాలుండేది స్టాలియన్ ఫారం. అక్కడ పేరున్న గుర్రాలుంటాయి కానీ పిల్లలుండవు. తల్లులూ పిల్లలూ ఉండేది బ్రూడ్‌మేర్ ఫారం, నర్సరీ. పిల్లల కోసం వచ్చి స్టాలియన్ ఫారం టూరు కొన్న కుటుంబం సహజంగానే నిరాశపడుతుంది. రెండూ చూడాలంటే పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి పెట్టుకోండి. మూడోది పెట్టుకుంటే అన్నీ కలగాపులగమవుతాయి.

లెక్సింగ్టన్ నుంచి వచ్చేటప్పుడు హైవే వదిలేసి ఓల్డ్ ఫ్రాంక్‌ఫర్ట్ పైక్ మీదుగా రండి. దారి ఇరుకు, పక్కన మట్టి అంచు కూడా ఉండదు. కొన్నిచోట్ల రాతిగోడ తారుని ఆనుకునే ఉంటుంది. ఎదురుగా గుర్రాల వ్యాను వస్తే వేగం తగ్గించడం తప్ప దారి లేదు. ఫోటోకోసం రోడ్డు మీద ఆపొద్దు. సున్నం లేకుండా రాయి మీద రాయి పేర్చిన ఆ గోడలు ఎక్కువగా పంతొమ్మిదో శతాబ్దానివి. ఐరిష్, స్కాటిష్ మేస్త్రీలు మొదలుపెట్టిన పనిని ఆ తర్వాత చాలావరకు చేసింది బానిసలుగా ఉన్న నల్లజాతివాళ్లు. గుర్రాల పనీ అంతే. 1875లో మొదటి కెంటకీ డెర్బీ గెలిచిన జాకీ ఆలివర్ లూయిస్ నల్లజాతివాడు, ఆ రేసులో 15 మంది జాకీల్లో 13 మంది నల్లజాతివాళ్లే. టూర్లలో ఈ సంగతి తరచు జారిపోతుంది, అడగండి.

ఇక్కడే ఇన్ని గుర్రాలెందుకంటే సమాధానం కాళ్లకింద ఉంది. అడుగున కాల్షియం, ఫాస్ఫరస్ ఉన్న సున్నపురాయి. నీళ్లూ గడ్డీ దాని మీంచే వస్తాయి, ఎదిగే ఎముకకి కావాల్సింది అదే. ఈ ప్రాంతాన్ని బ్లూగ్రాస్ అన్నారని నీలం గడ్డికోసం వెతక్కండి. కోయకుండా వదిలేసి కంకి వేస్తేనే ఆ రంగు ఛాయ కనిపిస్తుంది, ఫారాల్లో ఎప్పటికప్పుడు కోసేస్తారు. చూడి గుర్రాల మైదానంలో యజమాని భయపడేది టాల్ ఫెస్క్యూ అనే గడ్డికి. దానిలోపల ఒక బూజు ఉంటుంది. నెలలు నిండుతున్న గుర్రం అది మేస్తే ఈత ఆలస్యమవుతుంది, మాయ దళసరెక్కుతుంది, పాలు పడవు. అందుకే ఈతకి కనీసం రెండు మూడు నెలల ముందే ఆ గడ్డినుంచి తప్పిస్తారు. గైడుని "మీ మైదానంలో ఫెస్క్యూ ఎంత?" అని అడిగి చూడండి, ఆ తర్వాత మీతో మాట్లాడే తీరే మారిపోతుంది.

కంచెని కూడా కాస్త దగ్గరగా చూడండి. ఎనిమిది అడుగులకో గుంజ, దానికి పదహారు అడుగుల ఓక్ పలకలు, అడ్డంగా నాలుగు వరసలు. పలకలు గుంజలకి లోపలివైపు, అంటే గుర్రం ఉన్నవైపు కొడతారు. గుర్రం ఒరిగి ఒళ్లు రుద్దుకున్నప్పుడు పలక గుంజకే నొక్కుకుంటుంది, మేకు ఊడదు. మూలలు గుండ్రంగా తిప్పుతారు. పిల్లలు పరుగుపందెం వేసుకుని కోసు మూలలోకి దూసుకుపోతే ఆగే చోటుండదు, బలమైనది బలహీనమైనదాన్ని అక్కడ మూలకి నెట్టి తంతుంది. రెండు మైదానాల మధ్య ఒకే కంచె కాకుండా రెండు కంచెలూ నడుమ ఒక దారీ ఉంటాయి. స్టాలియన్లు కంచె మీదుగా కొట్టుకోకుండా, ముక్కులు తాకి జబ్బులంటకుండా ఈ ఏర్పాటు. పాత బొమ్మల్లో కంచెలు తెల్లగా ఉంటాయి, ఇప్పుడు ఎక్కువగా నల్లవే. తారు కలిసిన నల్లరంగు చవక, ఎక్కువకాలం నిలుస్తుంది. మైళ్లకొద్దీ కంచె ఉన్నవాడికి అది చిన్న లెక్క కాదు.

స్టాలియన్ ఫారాల్లో వెర్సేల్స్ అనే ఊరి పక్కనున్న ఆష్‌ఫర్డ్‌కి జనం ఎక్కువ. 2015లో ట్రిపుల్ క్రౌన్ (ఒకే ఏడాది మూడు పెద్ద రేసులూ గెలిస్తే దక్కేది) గెలిచిన అమెరికన్ ఫారో, 2018లో గెలిచిన జస్టిఫై రెండూ అక్కడివే. మిడ్‌వేకి ఆనుకుని ఉన్న ఎయిర్‌డ్రీ స్టడ్ పాత వుడ్‌బర్న్ ఫారం భూముల్లో ఉంది. పంతొమ్మిదో శతాబ్దంలో 16 ఏళ్లు అమెరికాలో మేటి తండ్రి గుర్రంగా నిలిచిన లెక్సింగ్టన్ అనే గుర్రం ఉన్నది ఆ వుడ్‌బర్న్‌లోనే.

దాటింపు షెడ్డు చూపించే టూరు దొరికితే వదలకండి. దాటింపు జరుగుతుండగా మామూలుగా ఎవర్నీ రానివ్వరు. పని అయ్యాక, ఖాళీ షెడ్డు చూపిస్తారు. మెత్తలు దిగ్గొట్టిన గోడలు, జారని రబ్బరు నేల. థరోబ్రెడ్ అనే ఈ రేసుగుర్రాల జాతికి కృత్రిమ గర్భధారణ ఒప్పుకోరు, సహజంగా దాటించిన పిల్లకే రిజిస్ట్రేషన్. మలక్‌పేట రేసుకోర్సులో పరిగెత్తేదీ ఇదే జాతి, దానికీ ఇదే నియమం. కాబట్టి ఆడగుర్రాన్ని వ్యానెక్కించి ఇక్కడికి తేవాల్సిందే. వచ్చాక తోకకి కట్టుకడతారు, వెనకభాగం గోరువెచ్చటి నీళ్లతో కడుగుతారు, వెనక గిట్టలకి మెత్తని బూట్లు తొడుగుతారు, తన్నినా స్టాలియన్‌కి గాయం కాకుండా. స్టాలియన్ కొరికే అలవాటుదైతే ఆడగుర్రం మెడమీద దళసరి తోలు కప్పుతారు. పైపెదవికి ట్విచ్ అనే ఉచ్చు వేసి మెలిపెట్టి పట్టుకుంటే అది కదలకుండా నిలబడుతుంది. హెల్మెట్లు పెట్టుకున్న నలుగురైదుగురు మనుషులు, ఎవరి చోట వాళ్లు. అసలు పని కొద్ది నిమిషాలే. స్టాలియన్ తోక పైకీ కిందకీ కొట్టుకోవడం చూసి పని అయిందని గుర్తిస్తారు. కాలంలో రోజుకి రెండు మూడు విడతలు నడుస్తాయి, అందుకే ఆ నెలల్లో టూరు గంటలు బిగుతుగా ఉంటాయి. ఐదు నిమిషాలు ఆలస్యమైనా మీకోసం ఆగరు.

దాటింపు రుసుం వింటే ముందు నమ్మబుద్ధి కాదు. 2023లో లేన్స్ ఎండ్ ఫారంలో మొదటిసారి దాటింపుకి పెట్టిన ఫ్లైట్‌లైన్ అనే స్టాలియన్‌కి 2 లక్షల డాలర్లు. కానీ ఎక్కువ ఒప్పందాల్లో ఒక షరతుంటుంది: పిల్ల పుట్టి, లేచి నిలబడి, తల్లి పాలు తాగితేనే డబ్బు చెల్లించాలి. ఇక ఫారం ఆశ, భయం అంతా ఆ పిల్ల లేచి నిలబడటం మీదే ఉంటుంది. అది అర్థమైతే బ్రూడ్‌మేర్ ఫారంలో కనిపించే ప్రతి జాగ్రత్తకీ కారణం తెలుస్తుంది.

ఆ జాగ్రత్తలు ఈతకి చాలా ముందే మొదలవుతాయి. ఉత్తరార్ధగోళంలో ప్రతి థరోబ్రెడ్‌కీ పుట్టినరోజు జనవరి 1. మేలో పుట్టిన పిల్లా ఫిబ్రవరిలో పుట్టిన పిల్లా రేసులో ఒకే వయసు కింద పోటీపడాలి కాబట్టి అందరికీ ముందు పుట్టిన పిల్లే కావాలి. గుర్రమేమో పగళ్లు పొడుగైతేగానీ ఎదకి రాదు. దీనికి విరుగుడు బల్బు. డిసెంబరు 1 ప్రాంతంలో మొదలుపెట్టి, ఎండతో కలిపి రోజుకి 16 గంటల వెలుతురు, రెండు నెలల పైచిలుకు. పన్నెండడుగుల గదికి 100 వాట్ల బల్బు చాలు. గదిలో ఏ మూల నిలబడ్డా న్యూస్‌పేపరు చదవగలిగితే వెలుతురు సరిపోయినట్టు, ఇది వాళ్ల కొలత. ఇరవైనాలుగ్గంటలూ వెలిగిస్తే మాత్రం పనిచేయదు, చీకటీ కావాలి. మధ్యలో నాలుగు రోజులు బల్బు మాడిపోయి ఎవరూ గమనించకపోతే పడ్డ శ్రమంతా వృథా.

గుర్రం చూడి కాలం దాదాపు 340 రోజులు. ఏడాదికో పిల్ల అదే సమయానికి కావాలంటే ఈనిన తర్వాత మిగిలేది 25 రోజులు. ఈనిన వారం పది రోజులకే మొదటి ఎద వస్తుంది. అప్పుడే దాటిస్తే గర్భాశయం ఇంకా సర్దుకోక చూడి నిలవడం తక్కువ, మానేస్తే తేదీ వెనక్కి జరుగుతుంది. రెంటిలో ఏదన్నది డాక్టరు స్కానింగు చూసి చెప్తాడు. ఎద పసిగట్టడానికి టీజర్ అనే మగగుర్రాన్ని కంచె అవతల తిప్పుతారు. పాపం దానికి ఎదచూడటం తప్ప దాటే యోగం ఉండదు. ఆడగుర్రం తోకెత్తి నిలబడితే స్కానింగు, అండం పెరిగే బుడగ (ఫాలికల్) 35 మిల్లీమీటర్లు దాటితే ఇంజెక్షను, ఒకటిన్నర రెండు రోజుల్లో అండం విడుదల, ఈలోపు స్టాలియన్ ఫారంలో సమయం తీసుకోవాలి. పద్నాలుగు, పదిహేనో రోజున మళ్లీ స్కానింగు. కవలలుంటే ఒకదాన్ని అప్పుడే నలిపేస్తారు. వినడానికి క్రూరంగా ఉంటుంది కానీ గుర్రానికి కవలలంటే తరచు రెండూ పోతాయి, ఒక్కోసారి తల్లి కూడా.

ఈత గది మామూలు గదికన్నా పెద్దది. అడుగున రంపపుపొట్టు కాకుండా ఎండుగడ్డి పరుస్తారు, పొట్టు తడి పిల్లకీ మాయకీ అంటుకుపోతుంది. ఈతలు ఎక్కువగా రాత్రిపూటే, కాబట్టి ఈతల కాలమంతా రాత్రి కాపలా. చనుకట్ల చివర మైనం పూసలు కట్టాయంటే ఇక దగ్గరపడ్డట్టే. ముందు తెల్లటి పొర, అందులో ఒకదానికొకటి కొంచెం వెనకగా రెండు ముందుకాళ్లు, వాటిమీద ముక్కు, గిట్ట అడుగు కిందికి ఉండాలి. అలా వస్తే ఇరవై ముప్పై నిమిషాల్లో ఈత అయిపోతుంది. తెల్లపొరకి బదులు ఎర్రటి మఖమల్ లాంటి సంచి బయటికొస్తే మాయ ముందే ఊడిందన్నమాట. పిల్లకి గాలి ఆగిపోతుంది, డాక్టరు వచ్చేదాకా ఆగకుండా దాన్ని అప్పటికప్పుడు కోసి పిల్లని లాగాలి. ఆ తర్వాత ఒకటి, రెండు, మూడు అని లెక్క: గంటలో పిల్ల నిలబడాలి, రెండు గంటల్లో పాలు తాగాలి, మూడు గంటల్లో మాయ పడాలి. ముర్రుపాలు మొదటి కొన్ని గంటల్లో పడితేనే పేగు రోగనిరోధక శక్తిని పీల్చుకుంటుంది, ఒక రోజు దాటితే ఆ తలుపు మూసుకుంటుంది. మర్నాడు రక్తం తీసి ఐజీజీ అనే రోగనిరోధక ప్రోటీను ఎంతుందో చూస్తారు. డెసిలీటరుకి 800 మిల్లీగ్రాములకి తగ్గితే ప్లాస్మా ఎక్కించాలి. మంచి ఫారాల ఫ్రీజర్లో వేరే తల్లుల ముర్రుపాలు నిలవ ఉంటాయి. టూరులో ఆ ఫ్రీజరు తెరిచి చూపిస్తే చూడండి, సీసా మీద తల్లి పేరూ తేదీ రాసుంటాయి.

మైదానంలో తల్లుల మెడకి తోలు పట్టీ, దానిమీద ఇత్తడి రేకు, రేకుమీద పేరు. పిల్లకి ఇంకా పేరుండదు, తల్లిపేరుతోనే పిలుస్తారు. తోలే ఎందుకంటే కంచెకో కొమ్మకో తగులుకుంటే తెగిపోతుంది, నైలానైతే మెడ విరుగుతుంది. అక్కడ అడవి చెర్రీ చెట్టు కనపడదని కూడా గమనించండి. 2001 వసంతంలో ఈ ప్రాంతంలో వేల సంఖ్యలో చూళ్లు పోయాయి, పిల్లలు చచ్చిపుట్టాయి. ఆ చెట్లమీద గూళ్లు కట్టే గొంగళిపురుగుల్ని గడ్డితోపాటు గుర్రాలు మింగడమే దానికి మూలమని తర్వాత తేలింది. చాలామంది కంచెల వెంబడి చెట్లు కొట్టించేశారు. ఏప్రిల్లో ఆ పురుగులు కనపడితే ఇప్పటికీ చూడి గుర్రాల్ని లోపలికి తోలేస్తారు.

సెప్టెంబరులో వెళ్లేవాళ్లకి కీన్‌లాండ్ వేలం ఉంది, దాదాపు రెండు వారాలు, ప్రవేశం ఉచితం. జులై నుంచే ఏడాది పిల్లల్ని రంగు వెలిసిపోకుండా పగలు నీడలో ఉంచి, చేత్తో నడిపించి తయారుచేస్తారు. తుంటిమీద నంబరు అంటించి తెస్తారు. హాల్లో కూర్చోవడం కన్నా వెనకవైపు కొట్టాల దగ్గర నిలబడటం మేలు. కొనేవాళ్లు గుర్రాన్ని తమవైపుకీ, తమనుంచి దూరంగానూ నడిపించి కాళ్లు చూస్తుంటారు. మోకాలు లోపలికి తిరిగిందా, గిట్ట పక్కకి పడుతోందా అని. దారికి అడ్డం రాకుండా నిలబడితే ఎవరూ ఏమీ అనరు.

ఫారంలో మెలగడం గురించి కొంచెం. బొటనవేళ్లు కనపడే చెప్పులు వద్దు. తెల్లబట్టలు వద్దు, పచ్చటి నురగతో గుర్రం మీ భుజం తుడుస్తుంది. గొడుగు తెరవొద్దు, వానైతే రెయిన్‌కోటు. పసిపిల్లల్ని పరిగెత్తనీయొద్దు. గుర్రానికి సరిగ్గా వెనకాలా నుదుటికి ఎదురుగానూ కనపడదు, ఎడమ భుజంవైపు నుంచి వెళ్లాలి, అదీ పట్టుకున్న మనిషి రమ్మంటేనే. స్టాలియన్ కరుస్తుంది, ఫోటోకోసం దాని మూతికి చెంప ఆనించొద్దు. తల్లికీ పిల్లకీ మధ్య నిలబడొద్దు. అదేరోజు వేరే గుర్రాల్ని ముట్టుకుని ఉంటే చెప్పండి, చేతులు కడుక్కోమంటారు. ఒక ఫారం జబ్బు ఇంకో ఫారానికి పాకేది ఇలాగే. రోడ్డుపక్క కంచె మీంచి క్యారెట్లు పెట్టడం అన్నిటికన్నా చెడ్డ అలవాటు, గొంతుకడ్డం పడ్డా మీకు తెలియదు, వెళ్లిపోతారు. క్యారెట్ పెట్టే సరదా ఉంటే జార్జ్‌టౌన్‌లో రిటైరైన రేసుగుర్రాల్ని చూసుకునే ఓల్డ్ ఫ్రెండ్స్‌కి వెళ్లండి. అమ్మానాన్నల్ని తీసుకెళ్తుంటే నడక ఎంత, మెట్లున్నాయా, బాత్రూమ్ ఉందా అని ముందే ఫోన్ చేసి అడగండి. కొన్ని టూర్లు వ్యానులో తిప్పుతారు, కొన్ని గంటన్నర నడిపిస్తారు.

పాతకాలపు గుర్రాల పిచ్చి ఉన్నవాళ్లు లెక్సింగ్టన్ అవతల పారిస్ అనే ఊళ్లోని క్లెయిబోర్న్ ఫారానికి కూడా వెళ్లాలి. 1973 ట్రిపుల్ క్రౌన్ విజేత సెక్రటేరియట్ సమాధి అక్కడుంది. మామూలుగా గొప్ప గుర్రాలకి తల, గుండె, గిట్టలు మాత్రం పూడుస్తారు, దీన్ని మాత్రం మొత్తంగా పూడ్చారు.

మధ్యాహ్న భోజనం మిడ్‌వేలోనే. పట్టాల పక్కన కారు పెట్టేటప్పుడు గీత దాటకుండా చూసుకోండి, బండి నిజంగానే వస్తుంది. శాకాహారులకి చీజ్ శాండ్‌విచ్చులు, గ్రిట్స్ (మొక్కజొన్న రవ్వ జావ) దొరుకుతాయి. గ్రీన్ బీన్స్ చూసి ఆశపడొద్దు, దక్షిణాది వంటలో అవి పంది మాంసం వేసి ఉడికించడం మామూలు, అడిగి తెప్పించుకోండి. పెద్దవాళ్లుంటే కారులో పులిహోర డబ్బా ఉండటం నయం. ఊరికి దగ్గర్లో సౌత్ ఎల్క్‌హార్న్ వాగు ఒడ్డున 1865 నుంచి ఒకే కుటుంబం నడుపుతున్న వైజెన్‌బర్గర్ మిల్లు ఉంది. వాళ్ల మొక్కజొన్న రవ్వ ఉప్మాకి బాగుంటుంది, నీళ్లు మాత్రం ఒకటికి నాలుగు పోసి, బొంబాయి రవ్వకన్నా చాలాసేపు సన్నసెగ మీద ఉంచాలి. బోర్బన్ విస్కీ డిస్టిలరీ కూడా ఈ దారిలోనే ఉంది కాబట్టి రెండూ కలిపేవాళ్లు గుర్రాలు ముందు, విస్కీ తర్వాత పెట్టుకోండి, డ్రైవరు ఎవరో ముందే తేల్చుకోండి. ఫారంలో టూరు అయ్యాక గుర్రాన్ని పట్టుకుని నిలబడ్డ మనిషికి టిప్పు ఇవ్వడం మర్యాద. ఫారాల్లో కార్డు మెషీను ఉండదు, అయిదు, పది డాలర్ల నోట్లు జేబులో పెట్టుకుని బయల్దేరండి.